ట్యాంకు ఎండేదాకా

డీజిలా పెట్రోలా తేల్చమన్నది మీరు. పదేళ్ళ మీద ఏ బండి ఎక్కువ తాగుతుందో, ఏది తక్కువతో సరిపెట్టుకుంటుందో చూడమని పురమాయించి మేడ మీద చల్లగా కూర్చున్నది మీరు. మీ పట్టికలో ఫిల్టరుకు ఒక గడి ఉంది, ఇంజినాయిలుకు ఒక గడి ఉంది, టైరు అరుగుదలకు ఉంది, ఆఖరికి వాన పడ్డ రోజులకు కూడా ఒకటి ఉంది. తొక్కే కాలికి మాత్రం లేదు. ఆ కాలు ఎవరిదని మీలో ఒక్కరూ అడగలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? అడక్కపోయినా సరే, వినండి.

తెల్లవారేసరికే ఆ కాలు పెడల్ మీద ఉంది. యార్డులో డీజిలు బండి నిలబడి దడదడలాడుతోంది. ఇంజను వేడెక్కేలోగా అతను అద్దం తుడిచాడు, సీటు కింద నలిగిన దిండును సర్దుకున్నాడు, కుడి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టాడు. ఎడమ బూటుకు అట్ట మందంగానే ఉంది. కుడిదాని అట్ట అరిగి కాగితమంత అయింది. కొత్తవి కొంటే కాలికి పెడల్ తెలియదంటాడు. పొట్టి మనిషి. మెడ మందం, వేళ్ళు మొరటు. కిటికీ వైపు చెయ్యి ఎండకు కమిలి నల్లబడింది, రెండో చెయ్యి ఇంకెవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు తెల్లగా ఉంటుంది. ఇంత మొరటు మనిషికి ఆ కాలు ఎక్కడిదో గాని, గుడ్డు మీద ఆనించినట్టు ఆనిస్తాడు. అందుకే డిపోలో అందరూ అతన్ని మెత్తకాలు అంటారు. అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప వినపడదు.

కంపెనీ సరుకు చేరవేయడానికి చిన్న బండ్లు వందలకొద్దీ కొనబోతోంది. డీజిలుది కొనేటప్పుడే బరువు, రిపేరు వస్తే నడ్డి విరుస్తుంది, కాని మోసే సరుకు ఎంతున్నా తక్కువ తాగుతుంది. పెట్రోలుది చవగ్గా వస్తుంది, మెత్తగా నడుస్తుంది, వీపు మీద మూట పడిందా ఇక దాని దాహం ఆగదు. ఏళ్ళ మీద ఏది గిట్టుబాటు? అది తేల్చడానికి రెండు బండ్లు తెచ్చారు. రంగు ఒకటే, బరువు ఒకటే. బరువంటే సరుకనుకునేరు. ఇసుక బస్తాలు. డిపో నుంచి వంతెన మీదుగా ఇటుకల బట్టీ మలుపు దాకా వెళ్ళాలి, కాసేపు నిలబడాలి, తిరిగి రావాలి. మళ్ళీ వెళ్ళాలి. గానుగెద్దుకు నయం, దాని వెనక నూనైనా కారుతుంది.

ఒకప్పుడు అతను వెళ్ళే ప్రతి చోటా ఎవరో ఒకరు కాచుకుని ఉండేవారు. తలుపు తీసి, ఇంత ఆలస్యమా అని తిట్టేవారు. సరుకు తడిసిందని పోట్లాడేవారు. అది విసుగనుకున్నాడు అప్పట్లో. ఇప్పుడు ఇసుక కోసం ఎవడూ కాచుకోడు. తిట్టే దిక్కు కూడా లేదు.

పెట్రోలు బండి నడిపేవాడు సన్నగా రెల్లుపుల్లలా ఉంటాడు, అందరికీ బక్కోడే. ఆ పొద్దున వాడు కిటికీలోకి తల పెట్టాడు.

"మామా, నీ బండి మోతకి వీధి కుక్కలు కూడా మకాం మార్చేశాయి."

"కుక్కలు పోయాయి. నువ్వు పోలేదుగా."

"నాకు పోయే చోటేదీ? అదేంటి మామా, మొహం అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"నిన్నటి దోసకాయలా."

మెత్తకాలు అద్దంలో చూసుకున్నాడు. నుదుటి మీద చెమట. తెల్లవారుజామున చెమట ఏమిటో అతనికీ అర్థం కాలేదు. రాత్రి నుంచి ఎడమ రెక్క లాగుతోంది, లాగి లాగి దవడ దాకా వస్తోంది. దిగి వెళ్ళి లెక్కల సారుకు ఆ మాటే చెప్పాడు.

బండ్ల దగ్గరే ఉండి మీ పట్టిక నింపే ఆ సారు కుర్రవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మనకూ పని తేలికయ్యేది.

"గ్యాసేమో పెద్దాయనా."

"ఏమో సార్. ఇవాళ్టికి నన్ను దించేయండి. వంతెన పక్కనే ఆస్పత్రి ఉంది, ఒకసారి చూపించుకుని వస్తా."

సారు బండి వైపు చూశాడు, చేతిలో పట్టిక వైపు చూశాడు. "ఇది ఆఖరి ట్యాంకు. నింపినప్పుడు పెడల్ మీదున్న కాలే అది ఎండేదాకా ఉండాలి. మధ్యలో కాలు మారితే మొత్తం మొదటికొస్తుంది. పైవాళ్ళు నా పీక మీద కూర్చుంటారు. సాయంత్రానికి ట్యాంకు ఎండుతుంది. ఎండగానే నేనే మిమ్మల్ని తీసుకెళ్తాను. సరేనా?"

"సరే సార్."

సరే అనక ఏం చేస్తాడు? అతని ఈడు డ్రైవర్లందరినీ కంపెనీ ఎప్పుడో ఇంటికి పంపేసింది. ఇతన్ని ఉంచింది ఆ కాలు కోసం. కూడు పెడుతున్న కాలిని కాదనుకుని దిగి వెళ్ళిపోతే, రేపు గేటు దగ్గర కాపలావాడు కూడా గుర్తుపట్టడు. పైగా ఇంకొక మాట కూడా ఉంది, అది సారుకు చెప్పలేదు. తను దిగితే తన సీట్లో కూర్చునే వాడి కాలు బండరాయి. ఇన్నాళ్ళు చుక్క చుక్క దాచిన ఇంధనాన్ని వాడు ఒక్క పూటలో తగలేస్తాడు. అది తలుచుకుంటే రెక్క కంటే ఎక్కువ లాగింది.

బండి కదిలింది. కర్మాగారాల గోడలు, మూత పడ్డ దుకాణాలు, బస్సు కోసం గోడకు ఆనుకున్న జనం. క్యాబిన్ అంతా గలగలమంటోంది. ఈ మోతలోనే అతని వయసు గడిచింది, చెవులు కూడా ఇందులోనే పోయాయి. భార్య ఉన్న రోజుల్లో నవ్వుతూ దెప్పేది, "మీకు ఒక రహస్యం చెప్పాలంటే వీధి మొత్తాన్ని పిలవాలి" అని. నవ్వుతూనే అన్నా, అది నిజం. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు గుసగుసగా ఒక్క మాట చెప్పుకున్నది లేదు. ఆఖరి రోజుల్లో ఆమె గొంతు లేవలేదు. పెదవులు కదిలేవి. అతను వంగి, చెవి ఆనించి, అర్థమైనట్టు తల ఊపేవాడు. ఏం చెప్పిందో ఇప్పటికీ తెలియదు. పిల్లలు లేరు, అడిగి తెలుసుకోవడానికి.

మొదట్లో కొన్ని వారాలు బండ్లు మార్చుకుని నడపమన్నారు. అందరూ పెట్రోలు బండి హాయి అన్నారు. అతనికి ఊపిరాడలేదు. ఆ నిశ్శబ్దంలో సీటు స్ప్రింగు కిర్రుమనడం వినిపించింది. తన ముక్కులో గాలి వినిపించింది. పక్క సీట్లో ఎవరూ లేరన్న సంగతి కూడా వినిపించినట్టయింది. డీజిలు బండి నయం, అదే మాట్లాడుతుంది, జవాబు అడగదు.

సగం దారిలో బక్కోడి బండి ఎదురొచ్చింది. రోజూ అంతే. ఇతను వెళ్ళేటప్పుడు వాడు వస్తాడు. అద్దాల వెనక నుంచి చెయ్యెత్తడమే వాళ్ళ స్నేహం. బక్కోడు నాలుక బయటపెట్టాడు. మెత్తకాలు చెయ్యెత్తబోయాడు, ఎడమది లేవలేదు. తల ఊపాడు. అప్పటికే వాడు దాటిపోయాడు.

బట్టీ మలుపులో బండి నిలబెట్టాడు. ఇంజను ఆపకూడదు. దుకాణాల ముందు సరుకు దించేటప్పుడు బండ్లు ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఇక్కడా ఆడాలట. ఫోను మోగడం వినిపించలేదు, జేబులో వణికింది. అక్క. చాలా దూరంలో, కొడుకు దగ్గర ఉంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి తమ్ముడు గుర్తొస్తాడు.

"ఏరా, తిన్నావా?"

"ఉన్నానక్కా."

"తిన్నావా అంటే ఉన్నానంటాడు. గొంతేంటి అలా ఉంది?"

"రెక్క లాగుతోందక్కా. నిన్నటి నుంచి."

"నొప్పెక్కడరా? గుండెలోనా?"

"తప్పెవరిదీ లేదక్కా. సారు మంచోడే."

"ఓరి నాయనో. గోడకు చెప్పుకున్నా వినేది. నొప్పిరా, నొప్పి. వెంటనే వెళ్ళి చూపించుకో."

"చూపు బాగానే ఉంది. అద్దాలు కూడా అక్కర్లేదన్నారు."

"ఆ దిక్కుమాలిన బండి ఆపి మాట్లాడు."

ఈ మాట వినిపించింది. "ఆపకూడదక్కా. సాయంత్రం చేస్తాలే. అన్నీ వింటాను అప్పుడు."

అవతల ఆమె ఇంకా మాట్లాడుతోంది. ఏదో గట్టిగానే చెబుతోంది. అతను కాసేపు ఫోను చెవికి అలాగే పట్టుకుని, "ఆఁ, ఆఁ" అని, పెట్టేశాడు.

తిరుగు దారిలో వంతెన వచ్చింది. ఎక్కేటప్పుడు బండి ఆయాసపడింది, అతనూ ఆయాసపడ్డాడు. వంతెన కొసన దిగుడు మొదలవుతుంది. ఆ దిగుడు మొదట్లో, కుడి పక్కన, ఆస్పత్రి గేటు. తెల్ల గోడ, ఎత్తైన గేటు, లోపల చక్రాల కుర్చీ ఒకటి ఖాళీగా.

ఇక్కడొక కిటుకుంది, వినండి. దిగుట్లో బండిని గేరులోనే ఉంచి పెడల్ మీంచి కాలు తీసేస్తే ఇంజను చుక్క కూడా తాగదు. బరువే బండిని లాక్కుపోతుంది. దారి మొత్తం మీద దమ్మిడీ ఖర్చు లేకుండా దొర్లే చోటు అదొక్కటే. మెత్తకాలు దానికోసం వంతెన ఎక్కేటప్పటి నుంచే ఎదురుచూస్తాడు. అక్కడ బ్రేకు తొక్కడమంటే చేతికొచ్చిన పంటలో గొడ్లను తోలడమే. ఆగి, మళ్ళీ ఇసుక మోతతో మొదటి గేరు నుంచి కదలాలంటే పొద్దుటి నుంచి మిగిల్చింది అంతా పోతుంది.

ఆస్పత్రి గేటు దగ్గరవుతోంది. దవడలో ఎవరో మేకు దించుతున్నట్టుంది. కాలు పెడల్ మీంచి లేచింది. బ్రేకు మీదికి జరిగింది. బ్రేకు మీద ఆనింది కూడా. ఎంత మెత్తగా ఆనిందంటే, బండికి ఆ సంగతి తెలియలేదు.

గేటు పక్కనుంచి వెళ్ళిపోయింది. బండి చక్కగా, చుక్క తాగకుండా దొర్లింది.

దీన్ని చాదస్తమంటారు మీరు. అనండి. ఆ చాదస్తాన్ని జీతానికి కొన్నది మీరే. మెత్తని కాలని మెచ్చుకుని, వయసు దాటినా ఉంచుకుని, మీద ఇసుక ఎత్తినవాళ్ళు మీరే. ఇనప బండికి పదేళ్ళ ముందుచూపు చూశారు. మనిషికి సాయంత్రం దాకా చూడలేకపోయారు.

మధ్యాహ్నం దాటాక బక్కోడి పెట్రోలు బండి యార్డులో దగ్గి ఆగిపోయింది. దాని ట్యాంకు ఎండింది. మెత్తకాలు ఇంకో రెండు తడవలు తిరిగొచ్చాడు. ముల్లు అడుగుకు దిగింది గాని డీజిలు బండి పట్టు వదల్లేదు. మిగిలింది నిలబెట్టి ఆడించమన్నాడు లెక్కల సారు. సీట్లో మనిషి ఉండాలి, దుకాణాల ముందు ఉంటాడు కదా.

"డీజిలు బండిని ఎండగడితే పైపుల్లో గాలి పడుతుంది సార్," అన్నాడు బక్కోడు. "మళ్ళీ స్టార్టు చేయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది."

"ఎలాగూ అమ్మేసే బండే. ఎండనీ."

మెత్తకాలు షెడ్డు నీడలో బండి నిలబెట్టాడు. అద్దం దించాడు. గాలి రాలేదు. షెడ్డు రేకుల మీద ఎండ చల్లబడుతోంది, అవతల ఎవరో నీళ్ళ గొట్టంతో నేల కడుగుతున్నారు. అతను కుడి బూటు లేసు వదులు చేసుకున్నాడు. ఇక కాలితో పని లేదు. ఇంజను తన పాటికి తను ఆడుతుంటే, మళ్ళీ కదలాల్సిన పని లేకుండా ఊరికే కూర్చోవడం ఎన్నో ఏళ్ళ తర్వాత ఇదే. దవడ నొప్పి పలచబడ్డట్టయింది. ఇంజను మోత కూడా పలచబడింది, ఎక్కడో పక్క వీధిలో ఆడుతున్నట్టు. అక్కకు చెయ్యాలనుకున్నాడు. తల సీటుకు ఆనించాడు.

బక్కోడు రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు.

"మామా, నిద్రపోతే జీతం కోత. లే. ఈ టీ తాగి చూడు, నీ డీజిలు నయమనిపిస్తుంది."

పలకలేదు. చెవులు మందం కదా అని వాడు ఇంకాస్త గట్టిగా పిలిచాడు. తర్వాత గ్లాసులు బానెట్టు మీద పెట్టాడు. బండి వణుకుకు అవి జారి కింద పడ్డాయి. వాడు తలుపు తీసి భుజం పట్టుకున్నాడు, పట్టుకున్న చెయ్యి తీయలేదు.

"సార్," అన్నాడు. అరవలేదు. "సార్, ఇలా రండి."

లెక్కల సారు పరుగున వచ్చాడు. నాడి చూశాడు, ముక్కు దగ్గర వేలు పెట్టాడు. అతని చెయ్యి ఇంజను ఆపడానికి ముందుకెళ్ళింది. వెళ్ళి, సగంలో ఆగింది. ఆ చెయ్యిని సగంలో ఆపింది ఎవరో మీకు తెలుసు. సారు పక్కకు వెళ్ళి మీకు ఫోను చేశాడు. మీరు అయ్యో అన్నారు. అంబులెన్సు పిలవమన్నారు. ఆ తర్వాత మనిషిని జాగ్రత్తగా దించండి, బండిని మాత్రం ఆడనివ్వండి, ఇన్ని వారాల పని కదా అన్నారు.

దించారు. ఇంజను ఆడుతుండగానే దించారు. బక్కోడు చంకల కింద పట్టుకున్నాడు, సారు కాళ్ళు పట్టుకున్నాడు. లేసు వదులైన బూటు జారిపోతే సారు వంగి దాన్ని తొడగబోయి, తొడగలేకపోయాడు. అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. బక్కోడు దాంతో వెళ్ళాడు. యార్డు ఖాళీ అయింది. సారు గోడ వారగా కూర్చుని ఉన్నాడు, పట్టిక ఒళ్ళో బోర్లా ఉంది.

మీ బండి మాత్రం ఇంకా ఆడుతోంది. ఎంత పొదుపైనదో చూడండి, అడుగున మిగిలిన కాస్తనూ నాకి నాకి తాగుతోంది. గెలిచింది డీజిలే. రాసుకోండి. కొనుక్కోండి, వందలు కొనుక్కోండి. పట్టికలో కాలికి ఒక గడి గీయండి, ఆ గడిలో అతని అసలు పేరు రాయండి, అక్కకు మీరే ఫోను చేసి గట్టిగా చెప్పండి. అవన్నీ తర్వాత. ముందు మేడ దిగి రండి. తలుపు తెరిచే ఉంది, సీట్లో ఎవరూ లేరు, తాళంచెవి ఒక్కటే దాని కన్నంలో అలా వణుకుతూ ఉంది. తిప్పండి.