తెర వెనక నలభై రెండు చేతులు

కొలోనియా ఎర్మీనియా అనే ఊళ్లో మందుల షాపు ఒక్కటే. దాని యజమానురాలు నీదియా సబాల్సా. ముప్పై ఏళ్లు ఆ కౌంటరు వెనక నిలబడి ఆమె కనిపెట్టిన సంగతి ఒకటుంది. మంచిది చెబితే ఎవడూ వినడు. ఇష్టమైనది ఆపేస్తానంటే వెంటనే వింటాడు.

కిందటి చలికాలంలో ఫ్లూ వచ్చి, బంతులు దొర్లించే బోచాస్ ఆట క్లబ్బులో ముగ్గురు పెద్దవాళ్లు పోయారు. మిగిలింది నలభై రెండు మంది. వాళ్లలో అప్పటికి టీకా వేయించుకున్నవాళ్లు పదకొండు మందే. అందుకని, అక్కడ చలి జూన్‌లోనే మొదలవుతుంది కాబట్టి, ఈ ఏడు ఏప్రిల్ రాగానే నీదియా క్లబ్బు అధ్యక్షుడిని ఒప్పించి తలుపు మీద కాగితం అంటించింది. టీకా లేనివాడు బంతి ముట్టుకోకూడదు.

కాగితం పనిచేసింది. శనివారం పొద్దున్నే అందరూ వరస కట్టారు. కాకపోతే ఒక చిక్కు వచ్చింది. చిరిగిన బనీన్లతో ఆడమనిషి ముందు ఎలా నిలబడతామని పెద్దవాళ్లు మొరాయించారు. అధ్యక్షుడు సామాన్ల గదిలో తాడు కట్టి దుప్పటి వేలాడదీశాడు. అతను పేరు పిలుస్తాడు, దుప్పటి సందులోంచి చేయి వస్తుంది, నీదియా తుడిచి, పొడిచి, దూది పెట్టి, పేరుకి ఎదురుగా సంతకం చేస్తుంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కబుర్లు చెబితే మూడు రోజులు పట్టే పని మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. ఇంత చవగ్గా పడిన బేరం తన జన్మలో లేదనుకుందామె.

"ఎవరిస్తో కోరియా!" అని అధ్యక్షుడు పేరు పిలిచినప్పుడు మాత్రం ఆమె ఒక్క క్షణం ఆగింది. బయటికొచ్చిన చేయి దుంగలా ఉంది.

"ఏం ఎవరిస్తో, ఈ వయసులో కండలు పెంచుతున్నావే! ఎవరి కోసమయ్యా?"

దుప్పటి వెనక గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వి సూది దించింది.

మర్నాడు తాపీమేస్త్రీ రెమీహియో షాపుకొచ్చాడు. "నీదియమ్మా, చేతులకి రాసుకోవడానికి ఏదైనా ఇవ్వు. ఎత్తలేకపోతున్నా."

"రెండు చేతులూనా?"

"రెండూ. నిన్న రెండు చేతులతోనూ ఆడాను మరి."

"గెలిచావా?"

"గెలిచాననే అనుకుంటున్నా."

ఆమె పూతమందు ట్యూబు ఇచ్చి, అతన్ని పంపేసి, మర్చిపోయింది.

జూన్ రెండో వారంలో రెమీహియో మళ్లీ వచ్చాడు. ఏమీ కొనలేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"ఎవరిస్తోని మొన్న ఆసుపత్రిలో చేర్చారు. ఒళ్లు కాలిపోయే జ్వరం, నలభై డిగ్రీలు. ఊపిరి అందడం లేదు."

నీదియా చేతిలో పని ఆపేసింది. పాతికేళ్లు పిండిమరలో పనిచేసిన ఊపిరితిత్తులు ఎవరిస్తోవి. "ఫ్లూ మందు మొదలెట్టారా?"

"లేదు. డాక్టరు కంప్యూటర్లో చూసి, ఏప్రిల్లో టీకా పడింది కాబట్టి ఇది ఫ్లూ అయ్యుండదు, పాత దగ్గే ముదిరింది అన్నాడట."

"టీకా వేసుకున్నా ఫ్లూ రావచ్చయ్యా. ఉండు, నేను ఆయనతో మాట్లాడతాను."

"వాడు వేసుకోలేదమ్మా."

"నేనే కదా వేశాను!"

"నాకు వేశావు," అన్నాడు రెమీహియో. "ఎడమ చేయి నా పేరు మీద, కుడి చేయి వాడి పేరు మీద. ఆ కాగితం అంటించాక వాడు ఏం చేస్తాడు? ఆట లేకపోతే రోజంతా గోడలు చూస్తూ కూర్చోవాలి. సూదేమో భయం."

దుంగలాంటి ఆ చేయి నీదియా కళ్ల ముందు కదిలింది. ఎవరిస్తో చేతులు చీపురుపుల్లలని ఊళ్లో ఎవరికి తెలియదు? తెలిసీ నవ్వింది, నవ్వి సంతకం పెట్టింది. ఆ సంతకం చూసే డాక్టరు ఒక మనిషికి మందు ఆపాడు.

ఫోను తీసి ఆసుపత్రికి చేసింది.

"డాక్టర్ సనుత్తీనీ, ఎవరిస్తో కోరియాకి టీకా పడలేదు. కంప్యూటర్లో ఉన్నది అబద్ధం."

"సంతకం మీదే కదా?"

"నాదే. చేయి చూశాను, మొహం చూడలేదు."

"మందు ఇప్పుడే ఎక్కిస్తాం. కానీ నేను ఈ సంగతి పైకి రాయాలి. మీ లైసెన్సుకి ముప్పు రావచ్చు."

"రాయండి. ముందు మందు ఎక్కించండి."

ఎవరిస్తో ఆ వారం చావు అంచుదాకా వెళ్లి గట్టెక్కాడు. అది తర్వాతి మాట. ఫోను పెట్టేసి చూసేసరికి రెమీహియో ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఇంకేంటయ్యా? వెళ్లు, వాడి దగ్గర ఉండు."

"నీదియమ్మా... రెండో చేయి ఇచ్చింది నేనొక్కణ్ణే కాదు."

"ఎంతమంది?"

"వాడు కాక, నాకు తెలిసి ఇంకో ఏడుగురు సూది తప్పించుకున్నారు. నాకు తెలియనివాళ్లు ఎంతమందో."

నీదియాకు ఏప్రిల్ నాటి మాట గుర్తొచ్చింది. జిల్లా కేంద్రం నుంచి అధికారి ఫోన్ చేసి, రాష్ట్రంలోనే నూటికి నూరు సాధించిన క్లబ్బు మీదేనన్నాడు. ఖాళీ సీసాల లెక్క సరిపోయింది, పేర్ల లెక్కా సరిపోయింది. మనుషుల దగ్గరే తరుగు పడింది. చలికాలం ఇంకా సగం కూడా గడవలేదు.

ఫ్రిజ్ తెరిచి చూసింది. తొమ్మిది డోసులున్నాయి. వాటిని ఐసుపెట్టెలో సర్దుకుని, షాపు మూసి, రెమీహియో చెప్పిన ఏడు పేర్లలో మొదటి ఇంటికి నడిచింది.

ఒలెగారియో చేతిలో మాతే ఆకుల కషాయం గిన్నెతో తలుపు తీశాడు. ఆమె చేతిలో పెట్టె చూసి తల దించుకున్నాడు.

"పొడవడానికే వచ్చావా?"

"తర్వాత చూద్దాం. ముందు ఎందుకు వేయించుకోలేదో చెప్పు."

"పోయినేడు ఫెర్మీన్ నీ చేతి సూది వేయించుకునే కదా పోయాడు. మేమంతా చూశాం."

అది నిజమే. కిందటేడు పోయిన ముగ్గురిలో ఫెర్మీన్‌కి టీకా పడింది, అయినా ఫ్లూ వచ్చి గుండె తట్టుకోలేదు. ఆ ఒక్క చావు ఇంతమంది మనసుల్లో ఏడాదిగా కూర్చుని ఉందని నీదియాకి ఇప్పటిదాకా తెలియదు.

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడడిగావు?" అన్నాడు ఒలెగారియో. "చేయి అడిగావు, చేయి ఇప్పించాం."

నీదియా పెట్టె కింద పెట్టి, ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. ఒలెగారియో గిన్నెలో వేడినీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు.

"ఫెర్మీన్ సంగతి మొదటి నుంచీ చెబుతాను," అంది నీదియా. "నాకు తెలియనిది తెలియదనే చెబుతాను. అంతా విన్నాక నీ ఇష్టం."