బట్టమేకకు సాక్ష్యం

మా ఆయన సన్యాసిరావుకు పిట్టలంటే కూరలో ముక్కలని తప్ప వేరే జ్ఞానం లేదు. అలాంటి మనిషి ఎనభైమూడు చలికాలంలో పక్షుల్ని చూడ్డానికి కచ్ ఎడారికి బయల్దేరాడంటే కారణం ఒకటే, క్వార్టరు. టాటానగర్‌లో బర్మామైన్స్ బస్తీలో ఒక్క గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. వీధి కుళాయి దగ్గర రోజూ జుట్లు పట్టుకోవడమే. ఆదిత్యపూర్‌లో ఆయన పనిచేసే స్ప్రింగుల ఫ్యాక్టరీకి క్వార్టర్లున్నాయి. అవి ఇచ్చే చెయ్యి మేనేజరు సీతారామరావుగారిది. ఆ చేతిలో ఎప్పుడూ బైనాక్యులర్స్ ఉండేవి.

ఏటా చలికాలం ఆయన పక్షుల యాత్ర పెడతాడు. ఆ ఏడు కచ్‌లో తిరగడానికి మాట్లాడిన బస్సు నిండలేదని కుటుంబాలతో రమ్మన్నాడు. ప్రమోషను కావలసినవాడు పెళ్ళాంతో వచ్చాడు. క్వార్టరు కావలసిన మా ఆయన పెళ్ళాన్నీ తల్లినీ కూడా తెచ్చాడు. బావమరిదికి ఉద్యోగం కావలసిన జగ్గారావైతే పిల్లల బొమ్మ దుర్భిణి ఒకటి మెడలో తగిలించుకున్నాడు. పిట్టల మీద ప్రేమ ఒక్కడికీ లేదు.

ముందు సముద్రపు ఒడ్డు. పొడుగు కాళ్ళ గులాబీ కొంగలు బురదలో తలలు ముంచి మేస్తున్నాయి. మేనేజరు "ఆహా" అంటే అందరూ "ఆహా" అన్నారు. ఆయన తుమ్మితే దానికీ ఆహా అనేవారే.

తర్వాత ఎడారి. బట్టమేక అని, మనిషి నడుమెత్తు పిట్టట, ఆ గడ్డిలో ఎక్కడో మిగిలుందట. మేనేజరు ఏళ్ళ తరబడి దాని కోసమే వస్తున్నాడు. గైడు కచ్ మనిషి. లేవొద్దు, మాట్లాడొద్దు, చేతులెత్తొద్దని హిందీలో గట్టిగా చెప్పాడు. ముళ్ళపొద వెనక వణుకుతూ కూర్చున్నాం. గడ్డి కదిలింది. గైడు వేలు చూపించాడు. సరిగ్గా అప్పుడే మా వెనక ఎండుకొమ్మ మీద పాలపిట్ట వాలింది.

దసరానాడు బర్మామైన్సంతా తిరిగినా మా అత్త జోగమ్మకు పొగే గాని పాలపిట్ట కనిపించలేదు. ఏడాదంతా అచ్చిరాదని దిగులు పెట్టుకుంది. ఇక ఆగుతుందా?

"ఓలమ్మో, పాలపిట్టర్రా! దణ్ణవెట్టండి, దణ్ణవెట్టండి!"

అందరికంటే ముందు లేచిందెవరనుకున్నారు? పార్వతీపురంలో పుట్టిన సీతారామరావుగారే. టోపీ తీసి, వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. మేమూ పెట్టాం. మళ్ళీ ఇటు తిరిగితే ఉత్త గడ్డి.

"ఉడ్ గయా సాబ్," అన్నాడు గైడు, నవ్వాలో ఏడవాలో తెలియక.

టాటానగర్ చేరేదాకా మేనేజరు మాతో మాట్లాడలేదు. క్వార్టరు కూడా ఆ పిట్టతోనే ఎగిరిపోయిందని రైల్లో నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం క్లబ్బు హాల్లో ఆయన ఉపన్యాసం. "బట్టమేక నన్ను చూసింది, నేను దాన్ని చూశాను," అన్నాడు గొంతు వణికిస్తూ. యాత్రకొచ్చినవాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మేనేజరు ముఖం మాడింది.

"సన్యాసిరావు నా పక్కనే ఉన్నాడు. ఏమోయ్, చూశామా లేదా?"

మా ఆయన లేచాడు.

"సూశాం సార్! మెడ తెల్లగా, నెత్తి నల్లగా. మీ యెనకే నానూ సూశాను సార్."

మీకంటే ముందు చూశానంటే కోపమొస్తుందేమోనని ఆ జాగ్రత్త. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"మాయమ్మ అరిసింది గాని అక్కడ పాలపిట్టా లేదు, ఏటీ లేదు సార్. ముసల్దానికి సూపానదు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా మేనేజరు నవ్వాడు, ఆ పిట్టకే దణ్ణం పెట్టిన మనిషి. నా పక్కన మా అత్త తల మీది కొంగు సర్దుకుని కూర్చుంది. ఛీ, ఇతనా నా మొగుడు అనిపించింది.

క్వార్టరు వచ్చింది. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్ళు. సంతోషం కలగలేదంటే అబద్ధం, ఆ అబద్ధాలు మా ఇంట్లో ఒకరాడినవి చాలు.

మరుసటి దసరానాడు పొద్దున్నే, గుమ్మానికెదురుగా కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. మా ఆయన గంతులేశాడు.

"అమ్మా, బేగి రా! పాలపిట్ట! దణ్ణవెట్టు!"

అత్త బయటికొచ్చింది. దానివైపే తిన్నగా చూసింది. చేతులెత్తలేదు.

"ఏదిరా? నాకు సూపానదు కదేటి," అంది. "మీ సారుని పిలు. ఆయనకైతే అగుపడతాది."