మైనస్ పన్నెండు మీటర్ల వెడల్పు

సాయంత్రం టీ గ్లాసులు కడిగేదాకా మా ఇంట్లో నేను అత్తగారిని. గ్లాసులు బోర్లించి, భోజనాల బల్ల తుడిచి, దాని ముందు కుర్చీ లాక్కున్నానంటే మాత్రం మా కోడలి క్లాసులో వెనకబడిన విద్యార్థిని. కోడలు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడగానే క్లాసు మొత్తం నోళ్ళు మూసుకుంటుందని ఎవరో చెప్పారు. నమ్మక ఏం చేస్తాను, నేనూ మూసుకుంటున్నానుగా.

నేను ఆస్పత్రిలో గుడ్డల గదిలో పనిచేస్తాను. వార్డుల దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆపరేషన్ థియేటరు ఆకుపచ్చ గుడ్డలు, అన్నీ లాండ్రీ నుంచి మూటలుగా మా దగ్గరికే వస్తాయి. విప్పి ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూస్తాం. చిరిగినవి కుట్టు మిషను దగ్గరికి, మరక పోనివి మళ్ళీ ఉతుక్కి, బాగున్నవి మడతపడి అరల్లోకి వెళ్తాయి. ఆ గదికి ఇన్‌చార్జిని మేమందరం పెద్దక్క అంటాం. పెద్దక్క రిటైరవుతోంది. ఆ కుర్చీ ఇక నాదేనని గదిలో అందరూ అనుకుంటున్నారు. కానీ పదో తరగతి పాసైతేనే ఇన్‌చార్జి అని రూలుంది. నాది చిన్నప్పుడు మధ్యలో ఆగిపోయిన చదువు. ప్రైవేటుగా కట్టి మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాను. లెక్కల్లో మాత్రం రెండుసార్లు తప్పాను.

ఈసారి కూడా తప్పితే బయటినుంచి ఎవరినో తెచ్చి కూర్చోబెడతామని మేట్రన్ ముందే చెప్పేసింది. థియేటరు గుడ్డకీ దిండు గలీబుకీ తేడా తెలియని మనిషి వచ్చి నాకు మడత పెట్టడం నేర్పిస్తుంటే తల ఊపుతూ నిలబడడం నా వల్ల కాదు. అదొక్కటే కాదు, నాకు ఆ కుర్చీ కావాలి. ఇందులో దాపరికం ఏముంది.

అందుకని నా పంతం పక్కనపెట్టి కోడల్ని అడిగాను. ఆవిడ పాఠం ఏమీ మొదలుపెట్టలేదు. ఒక తెల్లకాయితం నా ముందు పెట్టి, "ముందు మీరొక లెక్క చెయ్యండత్తయ్యా, నేనేం మాట్లాడను, చూస్తానంతే" అంది.

ఒక తోట పొడవు దాని వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం నూట ఎనిమిది చదరపు మీటర్లు. పొడవు, వెడల్పు కనుక్కోవాలి. ఇలాంటివి నాకు వచ్చు. వెడల్పు ఎక్స్ అనుకున్నాను. పొడవు ఎక్స్ ప్లస్ మూడు. రెండూ గుణిస్తే నూట ఎనిమిది. అన్నిటినీ ఒక పక్కకు తెస్తే ఎక్స్ స్క్వేర్ ప్లస్ మూడు ఎక్స్ మైనస్ నూట ఎనిమిది ఈక్వల్‌టు సున్నా. గుణిస్తే నూట ఎనిమిది, తీసేస్తే మూడు వచ్చే సంఖ్యలు పన్నెండూ తొమ్మిదీ. ఇంతవరకు చెయ్యి బాగానే నడిచింది. చివర ఎక్స్ తొమ్మిది లేదా మైనస్ పన్నెండు అని వచ్చింది.

నేను పై నుంచి కింద దాకా ఇంటూ గుర్తు పెట్టేసి, పక్కన మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మైనస్ పన్నెండు వచ్చింది. మళ్ళీ కొట్టేశాను. కాయితం తిప్పబోతుంటే కోడలు మాట తప్పి నోరు తెరిచింది.

"ఏం చేస్తున్నారు?"

"కనపడట్లా? తప్పొచ్చింది, కొట్టేస్తున్నా."

"తప్పెక్కడుంది?"

"మైనస్ పన్నెండు మీటర్ల వెడల్పున్న తోట నువ్వెక్కడన్నా చూశావా? అందులో ఏం మొలుస్తుంది?"

మా కోడలు ఊరికే నవ్వే మనిషి కాదు. నవ్వు పెదాల దాకా వచ్చి, లోపలేదో మర్చిపోయినట్టు వెనక్కెళ్ళిపోతుంది. ఆ రోజూ అంతే.

"పరీక్షలో కూడా ఇలాగే కొట్టేశారా?"

"మరి? మరకున్న దుప్పటి తీసుకెళ్ళి అరలో పెడతానా?"

ఆవిడ ఎర్ర పెన్ను తీసి, నేను కొట్టేసిన మొదటి లెక్క పక్కన వరసగా టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. "దీనికి నాలుక్కి మూడున్నర వచ్చేవి. ఒక్క వాక్యం తక్కువైంది, అంతే. కొట్టేసింది దిద్దేవాళ్ళు చూడరత్తయ్యా. మీరే వద్దన్నదానికి వాళ్ళెందుకు మార్కులిస్తారు?"

ఆ రెండు పరీక్షల్లోనూ ఎన్ని మైనస్‌లు వచ్చాయో, ఎన్ని కొట్టేశానో తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ తోట యజమాని మీద మండిపడ్డాను. వాడి తోట కొలతలు వాడే టేపు పెట్టి కొలుచుకోవచ్చుగా.

"మరి ఆ మైనస్ పన్నెండు ఎందుకొచ్చినట్టు?" అన్నాను.

"సమీకరణానికి తోటంటే ఏంటో తెలీదు. దానికి రెండు జవాబులూ సమానమే. తోట సంగతి తెలిసింది మీకు. వెడల్పు ఋణసంఖ్య కాదు కాబట్టి మైనస్ పన్నెండుని తీసుకోవట్లేదు అని మీరే రాయాలి. తక్కువైన వాక్యం అదే."

అంటే దాన్ని పారెయ్యకూడదు, పక్కన పెట్టి ఎందుకు పెట్టామో చెప్పాలి. చెబితే చాలా సులువుగా ఉంది. చెయ్యి మాత్రం వినదే. నా బతుకంతా మరక కనపడగానే తీసి పక్కన పడేసిన చెయ్యి అది. పెన్ను మొన తప్పు మీద పడగానే దానంతట అదే ఏటవాలుగా గీత గీసేస్తుంది. దీనికి కోడలే ఒక మందు వేసింది. పొరపాటొస్తే ఆ ఒక్క వరస మీదే సన్నగా ఒక గీత, కింద సరైనది, అంతకుమించి ఏమీ కొట్టెయ్యకూడదని కట్టడి చేసింది. నా చెయ్యి ఏటవాలుగా కదిలిందంటే స్కేలుతో బల్ల మీద టక్కుమని కొట్టేది. నన్ను కొట్టలేదులెండి, అంతవరకు నయం.

మా వాడు లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. పని నుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటూ, "ఇంకా బెంచీ ఎక్కించలేదా మా అమ్మని?" అన్నాడొకసారి.

"నువ్వెళ్ళి నీ పని చూసుకో" అని నేనూ కోడలూ ఒకేసారి అన్నాం. మా ఇంట్లో మేమిద్దరం ఒక్క మాట మీద ఉండటం వాడికి కొత్త. పాపం, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రాలు నాకు భలే నచ్చాయి. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా మేమిద్దరం ఇంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది లేదు. నేను ప్రతి లెక్కతోనూ పేచీ పెట్టుకునేదాన్ని. తొట్టి నింపే కుళాయి, ఖాళీ చేసే కుళాయి రెండూ ఒకేసారి తిప్పి వదిలేసిన వాళ్ళింట్లో పెద్దవాళ్ళు లేరా అని అడిగాను. గోడకి పదమూడు మీటర్ల నిచ్చెన వేసినవాడిని, ముందు దాన్ని మోసుకొచ్చింది ఎవర్రా అని అడగాలనిపించింది. కోడలు అన్నీ ఓపిగ్గా విని, "సరే, ఎక్స్ దేన్ని అనుకుంటారు?" అనేది. ఎంత లోకాభిరామాయణం నడిచినా ఆ ప్రశ్న దగ్గరికే తెచ్చి కూర్చోబెట్టేది.

పరీక్ష రోజు గేటు దగ్గర ఒక కుర్ర మాస్టారు నన్ను ఆపి, "తల్లిదండ్రులు బయటే ఉండాలమ్మా" అన్నాడు. హాల్ టికెట్టు మొహం ముందు పెట్టాను. అందులో నా ఫోటో, నా మొహం రెండుసార్లు చూసి, తనే బెంచీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. పక్క బెంచీలో గోళ్ళు కొరుక్కుంటున్న అమ్మాయి నన్ను చూసి కాస్త ధైర్యం తెచ్చుకుంది. ఇంత వయసొచ్చినా తప్పేవాళ్ళున్నారని కాబోలు.

వచ్చినవి వచ్చినట్టు చేసుకుపోయాను. కొన్ని నాకు బొత్తిగా తెలియనివే, వాటి జోలికి పోలేదు. చివరికి బస్సు లెక్క మిగిలింది. ఒక బస్సు ఒకే వేగంతో రెండువందల నలభై కిలోమీటర్లు పోయింది. గంటకు ఇరవై కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోయి ఉంటే ఒక గంట ముందే చేరేది. బస్సు వేగం ఎంత?

వేగం ఎక్స్ అనుకున్నాను. రెండువందల నలభై బై ఎక్స్ లోంచి రెండువందల నలభై బై ఎక్స్ ప్లస్ ఇరవై తీసేస్తే ఒకటి. అడ్డగుణకారం చేస్తే ఎడమ పక్క నాలుగువేల ఎనిమిదివందలు మిగిలింది, కుడి పక్క ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఇరవై ఎక్స్. అన్నీ ఒక పక్కకు తెచ్చి రాశాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఇరవై ఎక్స్ ప్లస్ నాలుగువేల ఎనిమిదివందలు ఈక్వల్‌టు సున్నా. ఇక కూడితే ఇరవై, గుణిస్తే నాలుగువేల ఎనిమిదివందలు వచ్చే రెండు సంఖ్యలు కావాలి. పదీ పదీ గుణిస్తే వంద. పన్నెండూ ఎనిమిదీ అయితే ఇంకా తక్కువ. ఎంత వెతికినా అలాంటి సంఖ్యలు ఈ భూమ్మీద ఉన్నట్టు లేవు. ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో కనపడటం లేదు. పై నుంచి కిందికి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి.

ఇంకాసేపట్లో కాయితాలు ఇచ్చెయ్యాలని మాస్టారు కేకేశాడు. నా చెయ్యి ఏటవాలుగా లేచింది. కొట్టేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది, పేజీ శుభ్రంగా ఉంటుంది, నేనింత తెలివితక్కువ పని చేశానని ఎవరికీ తెలియదు. ఆ గీత గీయకుండా ఆపుకోవడం నా జన్మలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. పెన్ను దించి, ఆ లెక్క కిందే రాశాను: "సరిపోయే సంఖ్యలు దొరకలేదు. పైన ఎక్కడో పొరపాటు జరిగింది." అలాగే ఇచ్చేసి బయటికొచ్చాను. మరకున్న గుడ్డని తెలిసి తెలిసీ థియేటరు అరలో పెట్టినంత సిగ్గేసింది.

ఇంటికి రాగానే కోడలు ప్రశ్నపత్రం అందుకుంది. బస్సు లెక్క ఎలా చేశానో ఏకరువు పెట్టాను. నేను ముగించే లోపే ఆవిడ కళ్ళు మెరిశాయి. తప్పెక్కడో దొరికిపోయినట్టుంది.

"చెప్పకు" అన్నాను.

"చిన్నదే అత్తయ్యా..."

"చిన్నదైనా పెద్దదైనా సరే. నా తప్పు నేను వెతుక్కుంటాను."

ఆవిడ పెదాలు బిగించుకుంది. లెక్కల టీచరు తప్పు చూసి కూడా ఊరుకోవడం ఎంత కష్టమో తర్వాత రోజుల్లో కళ్ళారా చూశాను. కూరగాయలు తరుగుతూ తరుగుతూ నా వైపు తిరిగి, మళ్ళీ మింగేసుకునేది. నాకేమో ఆ బస్సు వైపు చూడాలంటేనే గుబులు. తప్పానేమోనన్న దిగులుతో ఏ లెక్కా కుదురుగా చెయ్యలేం కదా.

ఫలితాలు వచ్చిన పూట ఫోను పట్టుకుని మా వాడు చదివాడు. పాసు మార్కులు ముప్ఫై అయిదు. నాకు ముప్ఫై ఆరు. వాడు ఇంకోసారి చదివాడు. నేను కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాను, నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. కోడలు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "బస్సుకి సమీకరణం రాసినందుకు ఒకటి, అడ్డగుణకారానికి ఒకటి వచ్చుంటాయి. అది గనక కొట్టేసి ఉంటే..." అని ఆగిపోయింది. మిగతాది నేనే చేసుకున్నాను. ముప్ఫై నాలుగు. ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సర్టిఫికెట్టు నకలు ఆస్పత్రి ఆఫీసులో ఇచ్చాను. పెద్దక్క తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, ఏ బీరువా తలుపు ఎలా సతాయిస్తుందో చెప్పి వెళ్ళింది. కుర్చీ కాస్త ఊగుతుంది. నాకేం ఇబ్బంది లేదు, హాయిగా కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, తెల్లకాయితం ముందేసుకుని కూర్చున్నాను. మా వాడు అటుగా పోతూ ఆగాడు.

"పాసైపోయావుగా, ఇంకెందుకమ్మా?"

"ఆ బస్సు ఎంత స్పీడులో పోయిందో నాకు తెలియాలిరా."

ఈసారి గుబులు లేదు, గంట కొట్టేవాళ్ళు లేరు. ఒక్కో వరస మీద వేలు పెట్టి, ఇది దీనిలోంచి ఎలా వచ్చిందని అడుగుతూ కిందికి దిగాను. వేలు నాలుగువేల ఎనిమిదివందల దగ్గర ఆగింది. ఎడమ పక్క నుంచి కుడి పక్కకు వచ్చింది, గుర్తు మార్చుకోకుండానే వచ్చింది. అది ప్లస్ కాదు, మైనస్. ఇప్పుడు తీసేస్తే ఇరవై వచ్చే సంఖ్యలు కావాలి. ఎనభై, అరవై. అవి అంతసేపూ అక్కడే ఉన్నాయి. ఎక్స్ అరవై లేదా మైనస్ ఎనభై. వేగం ఋణసంఖ్య కాదు కాబట్టి మైనస్ ఎనభైని తీసుకోవట్లేదని రాశాను. అరవైతో పోతే నాలుగు గంటలు, ఎనభైతో పోతే మూడు. సరిగ్గా గంట తేడా. నా వీపు మీద ఎవరో నిమిరినట్టనిపించింది.

కోడలు బడికి స్పెషల్ క్లాసుకు వెళ్ళి, దిద్దాల్సిన కాయితాల కట్ట చంకన పెట్టుకుని వచ్చింది. కట్ట బల్ల మీద పెట్టగానే నా కాయితం దాని పైన పెట్టాను. ఆవిడ కూర్చోలేదు. సంచి భుజానికి అలాగే ఉండగా ఎర్ర పెన్ను తీసి, ఒక్కో వరస చదువుతూ టిక్కు పెట్టుకుంటూ దిగింది. చివర సున్నా చుట్టి, అందులో నాలుగు వేసి, కింద గీత గీసి కాయితం నా చేతికిచ్చింది.

పరీక్షలో వచ్చిన ముప్ఫై ఆరూ ఆస్పత్రి వాళ్ళకిచ్చాను. ఈ నాలుగూ నావి.