మూడు దినాల చాప

రెడ్డెమ్మ క్లినిక్‌లోకి వచ్చి, స్టూలు మీద కూర్చోకుండానే అడిగింది.

"ఇందమ్మా, నెల రాకుండా నిలిపే బిళ్ళలు ఉండాయా? మా కోడలికి సరిగ్గా జాతర దినాలకే వొచ్చేట్టుండాది."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆమె కోడలు పల్లవికి నెల రావడం ఆగి నాలుగు నెలలైంది. ఆపింది నేను వేసిన సూదే.

అది కొత్త సూది. దాని గురించి మా నర్సులందరికీ మదనపల్లెలో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. చర్మం కింద వేస్తే మూడు నెలలు గర్భం రాదు. నేర్చుకుంటే ఆడవాళ్ళే వేసుకోవచ్చు, కానీ ప్రస్తుతానికి మీరే వేయండి, ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నారు. కొందరికి నెల ఆగిపోతుంది, భయం లేదని చెప్పండన్నారు. నెలలు లెక్కపెట్టే అత్తలున్న ఇళ్ళలో ఏం చెప్పాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వెనక బెంచీలో కూర్చుని అన్నీ రాసుకున్నాను.

పల్లవికి ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పుకు పుట్టింటి వైపు, కుప్పంలో, నాలుగు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. రెండేళ్ళలోపు మళ్ళీ కడుపొస్తే ప్రాణానికే మోసమని అక్కడి డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆ మాట రెడ్డెమ్మ చెవికెక్కలేదు. ఆమెకు మనవడు కావాలి. కొడుకు మహేష్ అమ్మ మాట దాటడు. పల్లవి చంటిదానికి టీకా అని చెప్పి వచ్చి, డాక్టరు పరీక్ష చేశాక, సూది వేయించుకుంది. ఇప్పటికి రెండుసార్లు.

నెల ఆగినప్పుడు గాబరాగా పరిగెత్తుకొచ్చింది, అత్త కడుపనుకుంటుందని. తర్వాత దారి తనే కనిపెట్టింది. ప్రతి నెలా మూడు రోజులు పశువుల కొట్టం పక్కన చాప వేసుకుని బయట కూర్చునేది. ఆ మూడు రోజులూ వంట లేదు, పాలు పితికేది లేదు. "నెల దొంగదైనా రెస్టు నిజమే గదక్కా" అని నవ్వింది. నేనూ నవ్వాను.

"ఏమ్మా, పలకవే?" అంది రెడ్డెమ్మ. "మగబిడ్డ కోసరం మొక్కుకోనుండాను. కోడలే దీపం ఎత్తాల."

లేవంటే పుంగనూరులో మందుల షాపుకు పోతుంది. వేసిన మందు మీద ఇంకో మందు పడటం నాకిష్టం లేదు. పది కాల్షియం బిళ్ళలు కాగితంలో చుట్టి ఇచ్చాను.

ఆమె పొట్లం విప్పి, ఒక బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇవి నా మోకాళ్ళకు నువ్విచ్చినవే గదా. పొద్దున గూడా మింగితి."

పొట్లం వెనక్కి తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"దానికి బిళ్ళ అక్కర్లేదని నీకు తెలుసు. అంటే నెల వొచ్చేది ల్యా. కడుపైతే దాచే పనేముండాది, అదీ ల్యా. ఏం జేస్తివమ్మా మా ఇంటికి?"

"అట్లాంటివి నేను చెప్పకూడదు పెద్దమ్మా."

"ఇంగేం సెప్పల్ల? సెప్పేసినావు గదా."

పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జాతర రోజు ఊరంతా ఆటోలెక్కి పుంగనూరు పోయింది. నేను సంచి తగిలించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పల్లవి కొట్టం పక్కన చాప మీద ఉంది.

"అత్తే కూర్సోబెట్టింది. నీకు బయట ఉండేది ఇష్టం గదా, ఉండు అనింది. ఐదు దినాలాయ. చంటిదాన్ని పాలకు తెచ్చిస్తాది, తాగినాక లాక్కోని పోతాది. ఈ పొద్దు పిల్లోల్లని జాతరకు తీసకపోయింది."

"నా వల్లే పల్లవీ."

"అక్కా, సూది దినం వొచ్చే బుధవారం గదా? ఇంగ నన్ను క్లినిక్ గడప తొక్కనీదు."

"వారం ముందైనా వేయొచ్చు."

సంచిలో రెండు సూదులు తెచ్చాను. రెండోది ఎందుకు తెచ్చానో దారంతా ఆలోచించకుండానే నడిచాను.

మొదటిది ఆమె చేతికే ఇచ్చాను. బాగా ఊపమన్నాను. తొడ మీద చర్మం గిల్లి పట్టుకోమన్నాను. నేను ఆమె మణికట్టు కింద చేయి పెట్టాను, అంతే. మెల్లగా నొక్కింది. అలవాటుగా రుద్దబోతే "రుద్దొద్దు" అన్నాను.

రెండోది చూసి, "దీన్ని యాడ పెట్టేది? నా పెట్టె, దిండు, అన్నీ ఎతుకుతాండాది" అంది. తర్వాత తనే పక్కకు చూసింది. బయట దినాల మూట అది. కంచం, చెంబు, పాత దుప్పటి. ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే తలకు పోసుకోవాలి. దుప్పటి మడతలో సూది దాచి మూట బిగించింది. మూడు నెలల తర్వాత వేసుకోవాల్సిన తేదీ రాసిద్దామని పెన్ను తీశాను.

"తేదీ రాయొద్దక్కా. నాకు గుర్తుంటాది."

నేను లేచేసరికి వీధిలో ఆటో ఆగింది. రెడ్డెమ్మ చంటిదాన్ని చంకనేసుకుని దొడ్లోకి వచ్చింది. నన్ను చూసింది.

"ముట్టుకుంటివా దాన్ని?"

"ముట్టుకున్నాను."

"అయితే పోయి తలకు పోసుకో."

అంటూనే చాపకు రెండు మూరల దూరంలో ఆగి, మూట వైపు చూసింది. పల్లవి తల వంచుకుంది. రెడ్డెమ్మ చేయి సగం దాకా ముందుకొచ్చి ఆగిపోయింది. ఆ గుప్పిట్లో అమ్మవారి కుంకుమ పొట్లం ఉంది, దాంతో మైల మూట ముట్టకూడదు.

రేపు ఆ చేతిలో కుంకుమ ఉండదు.