డెల్మర్ తల సంగతి నాకు తెలుసు

నేను ఒక హెల్మెట్‌ని. కూడలిలో పోలీసు కనబడగానే నెత్తికెక్కి, అతన్ని దాటగానే బండి హ్యాండిల్‌కు వేలాడే జాతి కాదు నాది. నాది అమెరికన్ ఫుట్‌బాల్. అందులో బంతిని కాలితో తన్నేది తక్కువ, మనుషులు ఒకరినొకరు గుద్దుకునేది ఎక్కువ.

ముందే చెబుతున్నాను, నాకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. ఫ్యాక్టరీలో నా కళ్ళముందే నా తోటివాణ్ణి ఒకణ్ణి పైనుంచి ఇనుప దిమ్మె మీదికి పడేసి, పగల్లేదని చప్పట్లు కొట్టారు. తర్వాత నా లోపల ఒక చీటీ అంటించారు. తల దెబ్బలన్నిటినీ ఏ హెల్మెట్టూ ఆపలేదని దాని సారాంశం. తయారుచేసినవాళ్ళే నన్ను నమ్మనప్పుడు నేను లోకాన్ని నమ్మడం దేనికి?

నన్ను పెట్టుకున్నవాడు డెల్మర్ పూల్. మిసిసిపీలో చేపల చెరువుల దగ్గర పెరిగాడు. కాలేజీ ఆటగాళ్ళను జట్లు ఏరుకునే రోజున అతని పేరు ఎవరూ పిలవలేదు. తనే వెళ్ళి, బతిమాలి, పరుగెత్తి చూపించి చోటు సంపాదించుకున్నాడు. అది కార్నర్‌బ్యాక్ చోటు. ఎదుటి జట్టులో బంతి అందుకోవడానికి దూసుకొచ్చేవాడికి ఎదురుగా నిలబడి, వాడు ఎటు తిరుగుతాడో తెలియకుండానే వెనక్కి పరుగెత్తుతూ వాణ్ణి అడ్డుకోవాలి. అనుమానం తప్ప వేరే పెట్టుబడి లేని ఉద్యోగం. నాకు భలే నచ్చింది.

జట్టులో పదకొండేళ్ళుగా ఆడుతున్న రూఫస్ అనే పెద్దాయన మావాణ్ణి చేరదీశాడు. "వాడి కళ్ళు చూడకురా, మోసపోతావు. భుజాలు కూడా ఊరికే ఊపుతాడు. బొడ్డు దగ్గర చూడు. అది ఎటు తిరిగితే మనిషి అటే" అని నేర్పించాడు. ఆ ఒక్క మాటతో మావాడు తొమ్మిదేళ్ళు నెగ్గుకొచ్చాడు. పంతొమ్మిదిసార్లు ఎదుటివాడి చేతుల్లో పడబోయే బంతిని తను లాక్కున్నాడు. ఏ జట్టువాణ్ణి గుద్దితే ఆ జట్టు రంగు నాకు అంటుకునేది.

రూఫస్ నేర్పింది అదొక్కటే అయితే బాగుండేది.

మొదటి వేసవిలో జట్టు డాక్టరు ప్రతి ఆటగాడికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెట్టాడు. ఇరవై మాటలు చూపిస్తాడు. కాసేపాగి, గుర్తున్నవి చెప్పమంటాడు. ఆ మార్కులు దాచి ఉంచుతారు. ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు తగ్గితే బయట కూర్చోవాలి. బయట కూర్చున్నవాడి చోటులోకి ఇంకొకడు ఎలా దూరతాడో మావాడికి బాగా తెలుసు, తనూ అలా వచ్చినవాడే.

పరీక్షకు ముందు రూఫస్ చెవిలో ఊదాడు. "ఒరేయ్, అక్కడ తెలివి చూపించకు. పది చెప్పి ఊరుకో. రేపు తలకాయ దిమ్మెక్కినా పది చెప్పలేకపోవు. ఇంక నిన్నెవడు కూర్చోబెడతాడు?"

మావాడు బుద్ధిగా పదే చెప్పాడు. బయటికొచ్చి, నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఇరవై మాటలూ వరసగా రూఫస్‌కు అప్పజెప్పాడు. తర్వాత వెనక నుంచి ముందుకు కూడా చెప్పాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. డాక్టర్లను నమ్మకపోవడం కన్నా తెలివైన పని ఏముంటుందని నేనూ మురిసిపోయాను. సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఏడో ఏడు నవంబరులో, వానలో, మావాడు బంతి పట్టుకుని పరుగెత్తేవాడి కాళ్ళు పట్టి పడేయబోయాడు. వాడి మోకాలు మావాడి కుడి చెవి దగ్గర తగిలింది. నా లోపలి మెత్త అట్టలా అణిగిపోయింది. మావాడు లేచి, నడిచి వెళ్ళి, ఎదుటి జట్టు మధ్యలో నిలబడ్డాడు. వాళ్ళే నవ్వి, "అన్నా, నీ వాళ్ళు అటు" అని తోశారు.

బుధవారం మళ్ళీ పరీక్ష. పది మాటలు చెప్పాడు. "అప్పుడూ పదే, ఇప్పుడూ పదే. నీ తల రాయి! వెళ్ళి ఆడుకో" అన్నాడు డాక్టరు. మావాడు నన్ను ఒళ్ళో పెట్టుకుని తక్కిన పది కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారమే కాదు, మరో రెండేళ్ళు ఆడాడు.

ఇప్పుడు నేను వాళ్ళింటి ముందుగదిలో అద్దాల పెట్టెలో ఉన్నాను. మావాడికి నలభై రెండు. కూతుర్ని బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరి, పాత స్టేడియం గేటు దగ్గర కారాపి కూర్చుంటున్నాడు. భార్య యొలాండా అతన్ని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ మాజీ ఆటగాళ్ళకు వైద్యం ఉంది, జ్ఞాపకం తగ్గినట్టు రుజువుంటేనే చేర్చుకుంటారట. అక్కడివాళ్ళు పాత కాగితం తీశారు. మొదట్లో పది, ఇవాళ తొమ్మిది.

"తగ్గిందెక్కడమ్మా అన్నారు. ఆ మొదటి పది ఆయన కావాలనే తక్కువ చెప్పినవండీ, అప్పట్లో నాకు నవ్వుతూ చెప్పారు అంటే, అందరూ ఇదే కథ చెబుతారని నవ్వారు" అంటూ యొలాండా ఇంటికొచ్చి ఏడ్చింది. రూఫస్‌ను సాక్ష్యం అడుగుదామంటే ఆయన ఇప్పుడు సొంత భార్యనే గుర్తుపట్టడం లేదు.

ఆమె పట్టు వదల్లేదు. మర్నాడు కాగితం, కలం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. "నువ్వే చెప్పు డెల్మర్. ఆ మొదటి పరీక్ష రోజు ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పు, నేను రాస్తాను. నీ సంతకంతో పంపుదాం."

మావాడు నన్ను పెట్టెలోంచి తీసి పట్టుకున్నాడు.

"నేను కావాలనే తప్పు చెప్పానంటావా?" అన్నాడు. "నాకు నిజంగానే పదే వచ్చాయేమో యొలాండా."

ఆమె కలం ఆగిపోయింది. అతని వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆమె ముఖంలో నేను చూడనిది అప్పుడు చూశాను. ఆమెకూ అనుమానం వచ్చింది.

ఎవరినీ నమ్మని నేను, నన్ను నమ్మమని ఒకరిని వేడుకోవడం అదే మొదటిసారి. ఇరవై చెప్పాడమ్మా. వెనక నుంచి కూడా చెప్పాడు. నేను అతని ఒళ్ళోనే ఉన్నాను, విన్నాను.