ప్రతి ఆదివారం రెండు గంటలు

లోర్న్‌కు ఆ చలికాలమంతా ఒకటే బెంగ. పెరట్లో మంచులో నిలబడి ఉన్న క్యాంపర్ బండి, ఊళ్లు తిరిగేటప్పుడు లోపలే పడుకునేది, అందులో చెమ్మ చేరకూడదు. చేరిందా, జూలైలో మనవరాలు రాదు.

నిరుడు జరిగింది అదే. ఎనిమిదేళ్ల బ్రిన్‌కు ఉబ్బసం. సరస్సు ఒడ్డున ఆ బండిలో పడుకున్న రెండో రోజే ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. పరుపు తిరగేస్తే అడుగంతా నల్లగా బూజు. మంచు పడుతుందని లోర్న్ చలికాలమంతా బండికి ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టి ఉంచాడు. లోపలి తడికి బయటికి పోయే దారి లేకపోయింది. కూతురు డార్లా అరవలేదు. అరిచినా బాగుండేది. "ఈసారి కూడా ఆ బూజు వాసన వస్తే ఇక పంపను నాన్నా" అని మాత్రం అంది. భార్య పోయాక అతనికి ఏడాది మొత్తానికి ఉన్న పండగ జూలైలో మనవరాలు వచ్చి ఉండే మూడు వారాలే.

అందుకే అక్టోబరులో పక్కింటి ఓరెస్ట్‌ను పిలిచి మరీ అడిగాడు. ముప్పై ఏళ్లుగా క్యాంపర్ ఉన్నవాడు, నోరు పెద్దది.

"పరుపులు నిలబెట్టు. అల్మారా తలుపులన్నీ తెరిచి ఉంచు. ఆ పట్టా అవతల పారెయ్. పైకప్పు మీద గాలికిటికీ రెండు వేళ్లంత తీసిపెట్టు. ఆ తర్వాత దాని జోలికి పోకు."

"అంతేనా?"

"అంతే. నువ్వు ఊరుకునే రకం కాదు. అదే నా భయం."

భయపడ్డట్టే అయింది. ఓరెస్ట్ చెప్పినవన్నీ లోర్న్ ముందు చేశాడు, తేమ పీల్చే గుళికల డబ్బాలు కూడా నాలుగు మూలలా పెట్టాడు. కానీ చేతులు కట్టుకుని కూర్చోవడం అతని వల్ల కాలేదు. ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్లు చేసిన మనిషి. తడి గోధుమ వస్తే గ్యాస్ మంట వెలిగించి వేడిగాలితో ఆరబెట్టడమే అతని పని. వేడి తగిలితే ఏదైనా ఆరుతుందని అతని నమ్మకం. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే బండిలో చిన్న గ్యాస్ హీటర్ వెలిగించి, కోటు విప్పకుండా రెండు గంటలు కూర్చునేవాడు. వేడి వృథాగా పోతుందని గాలికిటికీ మూసేశాడు. డబ్బాల్లో నీళ్లు చేరేవి. అవి చూసి, ఎంత తడి బయటికి లాగానో అని మురిసిపోయేవాడు. ఆ మురిపెం తలచుకుంటే జాలేస్తుంది.

మార్చి మూడో వారంలో మంచు కరగడం మొదలైంది. లోర్న్ తలుపు తీసేసరికి పైకప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. గోడ చెక్క ఉబ్బిపోయింది. బ్రిన్ పడుకునే మంచం పైన గోడ మీద నల్లటి మచ్చలు అరచేతి మేర పాకాయి. అతను పరుగున వెళ్లి ఓరెస్ట్‌ను తీసుకొచ్చాడు.

ఓరెస్ట్ హీటర్ వంక చూశాడు, మూసిన కిటికీ వంక చూశాడు.

"ఒరేయ్, గ్యాస్ మండితే ఆవిరి పుడుతుందిరా. చలికాలమంతా నువ్వే లోపల నీళ్లు పోశావు. అది చెక్కల వెనక గడ్డకట్టి ఇప్పుడు కరుగుతోంది."

"గిడ్డంగిలో అలాగే ఆరబెట్టేవాళ్లం కదా."

"అక్కడ ఫ్యాన్లు ఆ ఆవిరిని బయటికి తోస్తాయి. నువ్విక్కడ మూత పెట్టి ఉడికించావు. మూసిన గదిలో మంట పెట్టుకుని బతికి ఉన్నావు, అది గొప్ప."

లోర్న్ నిరుడు పట్టా కట్టి వదిలేసి పాడుచేశాడు, ఈసారి అతిజాగ్రత్తతో పాడుచేశాడు. ఆ రెండోదే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

వారం రోజులు తోమాడు. మచ్చలు వెలిసిపోయాయి కానీ పూర్తిగా పోలేదు. చివరికి గ్యారేజీలో వెతికి తెల్లరంగు డబ్బా తెచ్చి మంచం పైన గోడకు పూశాడు. ఒక్క పూతకే కొత్తదానిలా అయింది. వాసన కూడా రంగుదే. ఎవరికీ తెలియదు. జూలై నాటికి అంతా ఆరిపోతుందేమో కూడా. అలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఇంట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"తాతా, నా మంచం ఆరిందా? అమ్మ అడగమంది."

ఆరిందమ్మా అనబోయాడు. మాట నోటిదాకా వచ్చింది.

"లేదు తల్లీ. పైన రంగు వేశాను. కింద బూజు అలాగే ఉంది."

"ఎవరు చేశారు?"

"నేనే. నీకోసం ఆరబెడదామనుకుని నేనే తడిపాను."

బ్రిన్ గొంతు బాగా తగ్గించింది.

"అయితే అమ్మకి చెప్పొద్దు తాతా. బాగుందని చెప్తాను. నేను మందు పీల్చుకుంటూ పడుకుంటాలే."

లోర్న్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాను చెప్పబోయిన అబద్ధం ఆ పిల్ల నోట వినడం భరించలేకపోయాడు.

"వద్దు. అమ్మకివ్వు ఫోన్."

"ఇస్తే ఇంక రానివ్వదు."

"తెలుసమ్మా. ఇవ్వు."

బ్రిన్ ఏడుస్తూనే వెళ్లింది. డార్లా వచ్చేదాకా అతను ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ చిన్న పాదాల చప్పుడు వింటూ కూర్చున్నాడు.