ఫాంటు మారిస్తే చాలు

శ్రీకంఠ కీబోర్డును తలకిందులుగా పట్టుకుని దాని వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. నిన్నటి బిస్కెట్టు పొడి, రెండు వెంట్రుకలు, కాస్త అగరుబత్తి బూడిద రాలాయి. తరువాత పాత టూత్‌బ్రష్షు తీసుకుని ఎడమ నుంచి కుడికి, వరుస తప్పకుండా మీటల సందులు తోమాడు. ఈ పని ముగిసేదాకా అతను ఎవరితోనూ మాట్లాడడు. ముగిసిన తరువాత కూడా మాట్లాడడు, కాకపోతే అప్పటికి కారణం వేరు. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ డీటీపీ షాపులో తనతో మాట్లాడదగిన మనిషి లేడని అతని నమ్మకం.

యాభై రెండేళ్ళ వాడు. సన్నటి మెడ, ఆ మెడకు బరువనిపించే తల. బల్ల అంచుకు ఆనించి ఆనించి మోచేతులు కాయలు కాశాయి. ఎదుటివాడు ఏం చెప్పినా ముందు పెదవి విరిచి తరువాత వినే అలవాటు వల్ల మూతి కుడివైపుకు కొంచెం వంగి, అక్కడే ఉండిపోయింది.

మీట నొక్కగానే తెర మీదికి పచ్చటి గుట్ట, నీలం ఆకాశం వచ్చాయి. పదమూడేళ్ళుగా అదే గుట్ట. బంగారు గనుల్లోంచి తీసి పోసిన బూడిదరంగు సైనైడ్ దిబ్బల మధ్య పుట్టి పెరిగినవాడికి పచ్చగుట్ట అంటే అదొక్కటే. శ్రీకంఠ దాన్ని చూసి చిన్నగా తల ఊపాడు. భార్య కమలమ్మను చూసి ఏ రోజూ అలా తల ఊపి ఎరగడు. "ఆ పెట్టెకే తాళి కట్టుంటే సరిపోయుండు గదా" అని ఆమె ఒకసారి అన్నది. అతను ఆ మాటను పొగడ్త కింద జమ కట్టుకున్నాడు.

ఒకప్పుడు అతను గనుల టైమ్ ఆఫీసులో టైపిస్టు. తండ్రి కూడా అక్కడే గుమాస్తా. గనులు మూతపడినప్పుడు చాంపియన్ రీఫ్స్ గనిలో భూమి కిందికి దిగి బతికినవాళ్ళు వీధిన పడ్డారు. శ్రీకంఠ ఏనాడూ కిందికి దిగలేదు గాని, గనిని తానే మోసినట్టు మాట్లాడేవాడు. తోటివాళ్ళు తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి ఫ్యాక్టరీలకు, సెక్యూరిటీ ఉద్యోగాలకు పోయారు. అతను రైలెక్కలేదు. కంప్యూటరు నేర్చుకున్నాడు. విండోస్ ఎక్స్‌పీ నేర్చుకున్నాడు అనడం సరి. దాని తరువాత వచ్చినవేవీ నేర్చుకోలేదు, నేర్చుకున్నవాళ్ళను క్షమించనూ లేదు.

అతని గొప్పంతా ఒక్క కిటుకులో ఉంది. ఈ జిల్లాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నోటి నిండా తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చూపిస్తే బిక్కమొహం వేస్తారు. కాని వీళ్ళ చుట్టాలు సగం మంది సరిహద్దు దాటి పలమనేరు వైపు ఉంటారు, వాళ్ళకు కన్నడం రాదు. కాబట్టి పెళ్ళయినా చావయినా కార్డులు రెండు లిపుల్లో వేయించాలి. శ్రీకంఠ దగ్గర వాక్యాలు రెండు భాషల్లోనూ తయారుగా ఉండేవి. పేర్లూ ఊర్లూ వరుసలూ మాత్రం కన్నడంలో ఒకసారి కొట్టి, అన్నింటినీ కలిపి ఎంచుకుని, ఫాంటు మార్చేవాడు. ఆ పాత ఫాంట్లలో మీటల వరుస ఒక్కటే గనుక కన్నడ అక్షరాలు కళ్ళ ముందే తెలుగు అక్షరాలయ్యేవి. చూసేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

అయితే ఫాంటు అక్షరాన్ని మారుస్తుంది, భాషను మార్చదు. 'అళియ'ను 'అల్లుడు' అని, 'మగళు'ను 'కూతురు' అని అతను చేత్తో దిద్దేవాడు. ఆ దిద్దుబాటు మాత్రం ఎవరికీ కనబడకుండా, తెర పక్కకు తిప్పి చేసేవాడు. పదమూడేళ్ళలో ఒక్కరికీ నేర్పలేదు. నేర్పితే తన అవసరం తీరిపోతుందని భయం. ఆ భయానికి అతను పెట్టుకున్న పేరు నిష్ఠ.

షాపు యజమాని మోహన్‌కుమార్ ఆరు నెలల కిందట బెంగళూరులో రెండు రోజుల శిబిరానికి పోయి లినక్స్ అనే కొత్త సిస్టం తెచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ రోజు నుంచి అతనికి వేరే మాట లేదు. షాపు అద్దం మీద దాని గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అతికించాడు. టీ తాగుతూ కాలక్షేపానికి వచ్చినవాళ్ళకు కూడా సిస్టం మార్చమని బోధ చేసేవాడు. మతం మారినవాడు కూడా మధ్యలో భోజనానికి లేస్తాడు, ఇతను లేవడు.

"ఊరికే దొరుకుతాది సార్. వైరస్ రాదు" అన్నాడు మొదటి రోజు.

"ఎగరలేని పక్షి బొమ్మ పెట్టుకున్నారే, దాన్ని బట్టే తెలస్తా ఉండాది" అన్నాడు శ్రీకంఠ.

నాలుగు కంప్యూటర్లలో మూడు మారిపోయాయి. మిగిలింది శ్రీకంఠది. ఈ మంగళవారం పొద్దున మోహన్‌కుమార్ అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నాలుగు గంటలకు దీన్ని గూడా మార్చేస్తాను సార్. కొంచెం నేర్చుకోండి. లేదంటే..."

"లేదంటే ఏమప్పా? నన్ను గూడా ఫార్మాట్ చేస్తావా?"

మోహన్‌కుమార్ తన బల్ల దగ్గరికి తిరిగి పోయాడు. శ్రీకంఠ గెలిచాననుకున్నాడు. కాని మధ్యాహ్నం తెచ్చుకున్న చిత్రాన్నం సగమే తిని డబ్బా మూసేశాడు.

రెండు గంటలకు నంగలి నుంచి చిక్కవెంకటప్ప వచ్చాడు. రాగి, టమాట పండించే ముసలి రైతు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు, చేతిలో మడతలు పడిన కాగితం. భార్య సొన్నమ్మ పోయి ఎనిమిది రోజులు. శుక్రవారం వైకుంఠ సమారాధన. కన్నడంలో వంద, తెలుగులో యాభై కార్డులు కావాలి.

"తెలుగువి మాత్రం బాగా రావాల సార్" అన్నాడు. "మాకు ఒకే కూతురు. దానికి రెండో పెండ్లి చేసినామని పలమనేరులో ఉండే నా బామ్మర్దులు ఆరేండ్లుగా గడప తొక్కలే. ఇప్పుడు వాళ్ళ అక్క పోయిందని వస్తామన్నారు. కార్డు ఇచ్చి పిలవమన్నారు."

"ఇట్లా కూర్చో. పది నిముషాల పని" అని శ్రీకంఠ చెయ్యి చాచాడు.

మోహన్‌కుమార్ మధ్యలోనే కాగితం అందుకున్నాడు. "ఇది నేను చేస్తాను సార్. ఎల్లకాలం మీ ఒక్కరి మీదే అంటే షాపు నడవాల గదా? చూస్తా ఉండండి."

శ్రీకంఠ చేతులు కట్టుకుని చూశాడు. మోహన్‌కుమార్ కన్నడ కార్డు కొట్టాడు. తరువాత పేర్లూ వరుసలూ తీసి లిపి మార్చే వెబ్‌సైటులో వేసి, వచ్చిన తెలుగు అక్షరాలను, వాక్యాలు తయారుగా ఉన్న పాత తెలుగు కార్డులో అతికించాడు. ప్రింటరు నుంచి మొదటి కార్డు వచ్చింది. "చూసినారా? ఫాంటూ లేదు, గీంటూ లేదు" అని దాన్ని శ్రీకంఠ చేతిలో పెట్టాడు. మోహన్‌కుమార్‌కు తెలుగు చదవడం రాదు.

శ్రీకంఠకు వచ్చు. అంతా సరిగ్గా ఉంది. కింద, పిలిచేవాళ్ళ పేర్ల దగ్గర ఇలా ఉంది: చిక్కవెంకటప్ప (పతి), నేత్రావతి (మగళు).

కన్నడంలో మగళు అంటే కూతురు. పలమనేరులో అది చదివినవాడికి మగలు, అంటే మొగుళ్ళు అనే వినిపిస్తుంది. అదీ రెండో పెళ్ళి చేసుకున్న పిల్ల పేరు పక్కన, తల్లి చావు కార్డు మీద.

శ్రీకంఠ మూతి కుడివైపుకు ఇంకాస్త వంగింది. ఒక్క మాట చాలు. ఆ మాట అతను చెప్పలేదు. కార్డులు పలమనేరు చేరతాయి, నవ్వులు పుడతాయి, షాపుకు ఫోను వస్తుంది, మోహన్‌కుమార్ తన కాళ్ళ దగ్గరికి వస్తాడు. ఇదంతా ఒక్క క్షణంలో చూసుకుని అతను సంతోషపడ్డాడు. అంత చిల్లర సంతోషం అతని జీవితంలో కూడా అదే మొదటిది. "బాగుంది, కానివ్వు" అన్నాడు. ప్రింటరు మిగతావి దించేసరికి మూడున్నర అయింది.

కట్ట చేతికి వచ్చాక చిక్కవెంకటప్ప అందులోంచి ఒక కార్డు తీసి శ్రీకంఠ ముందు పెట్టాడు. "మీకు తెలుగు వస్తాది గదా సార్. ఒక సారి చదవండి, వింటాను."

శ్రీకంఠ చదివాడు. గొంతు బాగానే ఉంటుంది అతనికి. సొన్నమ్మ పేరు వచ్చినప్పుడు ముసలాయన తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "చిక్కవెంకటప్ప, పతి" అని చదివి, "నేత్రావతి" దగ్గర శ్రీకంఠ ఆగాడు. తరువాత "కూతురు" అని చదివాడు.

"చాలు సార్. బాగుండాది. దాని పేరు బాగా వేసినారు" అని ముసలాయన చేతులు జోడించి, కట్ట చంకలో పెట్టుకుని బస్టాండుకు పోయాడు.

 తప్పు చూసి ఊరుకోవడం ఒక ఎత్తు. లేని మాటను ఉన్నట్టు చదివి, ఏడుస్తున్న మనిషి దండం పుచ్చుకోవడం ఇంకొక ఎత్తు. శ్రీకంఠ పదమూడేళ్ళుగా చుట్టూ ఉన్నవాళ్ళందరినీ పనికిమాలినవాళ్ళనుకున్నాడు. ఆ షాపులో అంతకన్నా పనికిమాలినవాడు తన కుర్చీలోనే ఉన్నాడని ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఒళ్ళు మండింది.

నాలుగు కావస్తుండగా మోహన్‌కుమార్ పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చాడు. శ్రీకంఠ లేచాడు.

"యాడికి సార్?"

"బస్టాండుకు."

ముళబాగిలు మీదుగా నంగలి పోయే బస్సు కదులుతుండగా ఎక్కాడు. చిక్కవెంకటప్ప వెనక సీట్లో కిటికీ పక్కన ఉన్నాడు. ఎవరినీ ఏదీ అడగని శ్రీకంఠ కండక్టరును పెన్ను అడిగి తీసుకున్నాడు. ముసలాయన పక్కన కూర్చుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని, మొదటి కార్డు మీద ఒక మాట కొట్టేసి దాని పైన ఇంకొకటి రాశాడు.

"ఏమి సార్ అది, కొట్టేస్తా ఉండారు?"

"కూతురు అని పడలేదు. తప్పు మాట పడినాది. నేను చూసినాను. చూసి, చెప్పలేదు."

చిక్కవెంకటప్ప ఆ కార్డు అందుకుని, కొట్టేసిన మాట మీద వేలు పెట్టాడు.

"చదివేటప్పుడు కూతురనే గదా సార్ చదివినారు?"

శ్రీకంఠ రెండో కార్డు తీశాడు. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో, 'కూ' కొమ్ము ఒక్కోసారి ఒక్కో వంకర పోయింది. బస్సు కుదిపినప్పుడల్లా పెన్ను ఎగిరింది. ముసలాయన కాసేపటికి కార్డులు ఒక్కొక్కటే తీసి అందించడం, రాసినవాటిని ఆరబెట్టి పేర్చడం మొదలుపెట్టాడు. ముళబాగిలు వచ్చేసరికి యాభై పూర్తయ్యాయి. శ్రీకంఠ పెన్ను తిరిగి ఇచ్చి దిగిపోయాడు. ముసలాయన ఈసారి దండం పెట్టలేదు. అది న్యాయమే అనిపించింది శ్రీకంఠకు.

మరునాడు అతను షాపుకు పోలేదు. ఆ మరునాడూ పోలేదు. ఎందుకని కమలమ్మ అడిగితే, "నోరు మూసుకోని కూర్చున్నాను కమలా. ఇంగ ఆ కుర్చీలో కూర్చునేకి కాదు" అన్నాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. కాని అతను తనను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియక, గుచ్చి అడగలేదు. మోహన్‌కుమార్‌కు ఫోను చేసి, ఆయన ఇంగ రాడప్పా అని చెప్పింది.

మోహన్‌కుమార్ పెద్దగా బాధపడలేదు. ఆ మంగళవారం అతను యాభై కాదు, యాభై ఒకటి ముద్రించాడు. కొత్త సిస్టంలో చేసిన మొదటి తెలుగు కార్డు కదా అని ఒకటి తన కోసం దాచుకున్నాడు. వచ్చినవాళ్ళకు మాదిరి చూపించడానికి దాన్ని కౌంటరు గాజు కింద పెట్టాడు. వచ్చినవాళ్ళు వంగి చూసి, అక్షరాలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయంటారు. వాళ్ళ టీ గ్లాసుల కింద నేత్రావతి పేరు పక్కన ఆ మాట అలాగే ఉంది, మగళు అని.